కార్యాలయపు కంప్యూటర్లలో రాకపోకల లెక్క

సిద్దిపేట జిల్లా చంద్లాపూర్ వద్ద 3 టి.ఎం.సి.ల రంగనాయక సాగరము 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైనది. నీటిని పంపులతో ఎత్తి ఈ జలాశయమును నింపుదురు. పంపు ఎన్ని గంటలకు నడిచినది, ఎన్ని గంటలకు ఆగినది అను రెండును తెలిసినగాని ఎత్తిన నీటికి లెక్క కుదరదు. నాలుగైదు కంప్యూటర్లు కలిపిన చిన్న కార్యాలయమునకును ఇట్టి లెక్కయే కావలెను. ఎవరు ఎప్పుడు లాగిన్ అయిరి? ఎప్పుడు వెడలిరి?

ఒక సహకార సంఘమున రైతు చెల్లించిన అప్పు వాయిదా పద్దు మధ్యాహ్నము ఒంటిగంటకు మారినదనుకొందము. అందరును ఒకే పాస్‌వర్డు వాడుచున్నచో మార్చినవారెవరో తెలియదు. సామాన్యముగా నింద అందరికంటె చిన్న గుమాస్తాపై పడును. కావున ఒక్కొక్కరికి వేరు పేరు, వేరు పాస్‌వర్డు ఉండవలెను. ఇది లేనిదే తక్కిన ఏర్పాట్లన్నియు వ్యర్థము.

విండోస్ కంప్యూటర్లలో ఈవెంట్ వ్యూయర్ తెరచి సెక్యూరిటీ విభాగమును చూడవలెను. ప్రవేశమునకు 4624, నిష్క్రమణమునకు 4634, మనిషి తానై వెడలినచో 4647 అను సంఖ్యలు పడును. యంత్రము తన పనులకై చేసికొను ప్రవేశములును 4624గానే వందలకొలది కానవచ్చును. వానికి బెదరనక్కరలేదు. కీబోర్డు ముందు కూర్చుండి ప్రవేశించినవారికి సాధారణముగా “రకము 2” అని యుండును.

నిష్క్రమణము తెలిసికొనుటయే కష్టము. కరెంటు పోయినప్పుడు వెడలినట్లు నమోదు కాదు. యంత్రము మరల లేచిన పిమ్మట సిస్టమ్ విభాగమున 6008 సంఖ్యతో, వెనుకటిసారి ఫలానా వేళ హఠాత్తుగా ఆగినదని వ్రాయబడును. ఆ వేళనే నిష్క్రమణముగా గైకొనవచ్చును. భోజనమునకు పోవుచు తెరకు తాళము వేయుట మంచిదేగాని, అది నిష్క్రమణము కాదు. వెడలిన నమోదు ఎవరి కంప్యూటరులో వారిదే యుండును. సర్వరులో మాత్రమే వెదకినచో దొరకదు.

కంప్యూటర్ల గడియారములన్నియు ఏకముగా నడువవలెను. ఒకటి పది నిమిషములు వెనుకబడినచో నిర్దోషి దోషిగా తోచును. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశములు ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు మొదలగునవి గడియారములను జాతీయ కాలమానముతో సరిచూచుకొనవలెననియు, ఇట్టి నమోదులను 180 దినములు భద్రపరుపవలెననియు చెప్పుచున్నవి. కాని మార్పు చేయని విండోస్ కంప్యూటరులో ఈ చిట్టాకు సుమారు 20 ఎం.బి. చోటు మాత్రమే కలదు. నిండినంతనే పాతవి చెరిగిపోవును. చోటు పెంచి, వారమునకొకమారు నకలు తీసి వేరొక కంప్యూటరున దాచవలెను. ఇట్టి లెక్క ఉంచబడుచున్నదని సిబ్బందికి ముందుగనే తెలుపవలెను. నకలు ఉన్న యంత్రపు పాస్‌వర్డు దినదినము పద్దులు వ్రాయువారి చేతిలో ఉండరాదు.