ల్యాబ్ వదిలి కుంచె పట్టాలనుందా?

"ఎమ్మెస్సీ చదివించింది బొమ్మలేసుకోవడానికా?" దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల నుంచి కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల నోట తరచూ వినే మాట ఇది. సైన్సు ఉద్యోగం మాని ప్రకృతి చిత్రకళ వైపు వెళితే ఇన్నేళ్ల చదువూ బూడిదలో పోసినట్టేనని వారి బాధ. అది పొరపాటు. ఆ రంగంలో మీ బిడ్డకున్న పెట్టుబడే ఆ చదువు.

తంగేడు పువ్వునే తీసుకోండి. పసుపు రంగుతో ఐదు రేకులు ఎవరైనా వేస్తారు. లోపల పది కేసరాలుంటాయని, వాటిలో పైనున్న మూడూ వంధ్య కేసరాలని బోటనీ చదివిన చెయ్యి మరిచిపోదు. వృక్షశాస్త్ర గ్రంథాలకూ పరిశోధన పత్రాలకూ కావలసింది ఆ చెయ్యే. మన నేలకు ఇది కొత్త కాదు. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలను స్థానిక చిత్రకారులతో గీయించాడు. ఆ బొమ్మలతో 1795 నుంచి లండన్‌లో సంపుటాలుగా వెలువడిన గ్రంథంలో 300 చిత్రాలున్నాయి. మన కాలంలో చూస్తే, అమెరికాకు చెందిన గ్రెగ్ డన్ 2011లో పెన్సిల్వేనియా వర్సిటీ నుంచి న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ అందుకుని పూర్తిస్థాయి చిత్రకారుడయ్యాడు. మెదడు కణాలను జపాన్ సిరా చిత్రాల తీరులో చెట్టుకొమ్మల్లా గీస్తాడు. గమనించండి, బొమ్మలు చదువుకుంటూనే మొదలుపెట్టాడు, చదువును మాత్రం మధ్యలో వదల్లేదు.

అర్హత సంగతంటారా, మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ వర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో నాలుగేళ్ల బీఎఫ్‌ఏకు ఇంటర్, ప్రవేశ పరీక్ష ఉంటే చాలు.

నా భయమంతా కోచింగ్‌లతోనే. ఏ రంగానికి కాస్త పేరొచ్చినా దాని పేరుతో బోర్డులు లేస్తాయి. డిజైన్, డిజిటల్ ఆర్ట్, "వంద శాతం ప్లేస్‌మెంట్" అంటూ లక్షల్లో ఫీజు అడుగుతారు, లోను కూడా వాళ్లే ఇప్పిస్తామంటారు. సంతకం పెట్టకండి. ముందు పాత విద్యార్థులు వేసిన బొమ్మలు చూపించమనండి. మానేస్తే ఫీజు ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. గీత కుదరడానికి నోట్‌బుక్, పెన్సిలు, వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి పార్కు చాలు. అక్కడి కృష్ణజింకల్లో సాధారణంగా మగవాటికే మెలికల కొమ్ములుంటాయి. అవి పరుగెత్తుతుంటే గీయడానికి ప్రయత్నించండి, మీ చెయ్యి ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఇన్‌స్టాలో నాలుగు లైకులు రాగానే రాజీనామా రాసే తొందరా అంతే ప్రమాదం. ఏడాది ఖర్చులు బ్యాంకులో ఉండాలి, డబ్బిచ్చి బొమ్మ వేయించుకునే మనిషి ఒక్కరైనా దొరకాలి. అంతవరకు ఉద్యోగం వదలొద్దు. తోటి పరిశోధకుల పత్రాలకు బొమ్మలు వేసివ్వడంతో మొదలుపెట్టడమే నాకు అన్నింటికన్నా నచ్చిన దారి.

తల్లిదండ్రులకు ఒక మాట. బైపీసీలో మీరే చేర్పించారు, లాంగ్‌టర్మ్ కోచింగ్‌కూ మీరే పంపారు, మెడికల్ సీటు రాకపోతే బీఎస్సీలో వేసిందీ మీరే. ఒక్కసారైనా వాళ్లను అడిగారా? ఈ ఆదివారం వాళ్ల స్కెచ్‌బుక్ అడిగి తీసుకుని చివరిదాకా చూడండి. ఆ తర్వాతే ఏదైనా అనండి.