బోదకాలు, వరిబీజం – దంపతుల మధ్య దూరం

మన కోస్తా ఊళ్ళలో ఫైలేరియా తాతల నాటి నుండి ఉన్నదే. మురికి నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు దీని పురుగులు శరీరంలో చేరి ఏళ్ళ తరబడి ఉంటాయి. కాలు వాస్తే బోదకాలు. మగవారికి వృషణాల చుట్టూ నీరు చేరితే వరిబీజం. ప్రపంచంలో సుమారు 2.5 కోట్ల మంది మగవారికి ఈ వరిబీజం, 1.5 కోట్ల మందికి పైగా కాళ్ళ వాపు ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

జ్వరం గురించి, నొప్పి గురించి అందరూ చెబుతారు. పడకగది సంగతి మాత్రం మేము తెరచాటున అడిగితే గాని బయటికి రాదు. వరిబీజం ఉన్నవారు పదిమందిలో స్నానం మానేస్తారు, చివరకు భార్య పక్కన పడుకోవడమూ మానేస్తారు. ఆమేమో తన మీద ఇష్టం పోయిందనుకుంటుంది. బోదకాలు ఉన్న స్త్రీ చీర కుచ్చిళ్ళు వేళ్ళదాకా దించుకుని, భర్త చెయ్యి వేస్తే కాలు లాక్కుంటుంది. "నన్ను చూసి అసహ్యపడతారేమో" అన్న ఆలోచన ఉన్నంతసేపు కోరిక కలగడం కష్టం. మగవారికి అంగం గట్టిపడకపోవచ్చు. ఒకసారి అలా జరిగితే మరుసటిసారి ఆ భయమే అడ్డం వస్తుంది. ఇది మగతనం పోవడం కాదు. వాపు మరీ పెద్దదైతే కలయికకు అడ్డుపడే మాట నిజమే, దానికి ఆపరేషన్ ఉంది. నాటువైద్యుల దగ్గర సూదితో నీరు తీయించుకోవద్దు. నీరు మళ్ళీ చేరుతుంది, చీము పట్టే ప్రమాదమూ ఉంది.

ఈ జబ్బు కలయిక వల్ల అంటదు, ఒకే మంచం మీద పడుకున్నా అంటదు. అత్తగార్లు కూడా ఈ మాట చదవాలని మా కోరిక.

బోదకాలు విషయంలో సగం సిగ్గు వాసన వల్లనే అని మేము గమనించాము. రోజూ రెండుపూటలా సబ్బుతో, మామూలు నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. పుండ్లు, ఒరుపులు ఉంటే డాక్టరు రాసిన మందు పూయాలి. ఇలా చేస్తే వాసన తగ్గుతుంది, జ్వరాలూ తగ్గుతాయి. సాయంత్రం కాలు కడిగే పని భర్త చేసిపెడితే మరీ మంచిది. రోజూ ముట్టుకునే కాలును దాచుకోవలసిన పని ఉండదు కదా! కలిసినప్పుడు కాలి కింద దిండు పెట్టుకుని, దాని మీద బరువు పడకుండా చూసుకోవాలి. జ్వరం, కాలు ఎర్రబడడం ఉన్న రోజుల్లో వద్దు. ఆపరేషన్ తరువాత ఎన్నాళ్ళు ఆగాలో డాక్టరును అడగండి.

మన దేశంలో 2004 నుండి ఫైలేరియా ప్రాంతాల్లో పంచుతూ వచ్చిన డీఈసీ మాత్రలు రక్తంలోని పిల్ల పురుగులను చంపుతాయి గాని, వాచిన కాలును తగ్గించవు. అందుకే మాత్ర మింగినవారు కూడా చూపించుకోవాలి.

వచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి రండి. సిగ్గుగా ఉంటే ఓ.పి. చీటీలో "కాలు చూపించుకోవాలి" అని రాయిస్తే చాలు, మిగతాది మేము లోపల అడుగుతాము.