దుకాణం హక్కు, ఇంటి హక్కు

ఫజ్ర్ నమాజు కాగానే షట్టర్ ఎత్తి, రాత్రి పదకొండింటికి దించే సోదరులు మన బస్తీల్లో ఎందరో ఉన్నారు. కిరాణా, టైలరింగ్, మెకానిక్ షెడ్డు, గాజుల కొట్టు... పని ఏదైనా పరిస్థితి ఒకటే. తండ్రి బయలుదేరేటప్పుడు పిల్లలు నిద్రలో ఉంటారు, తిరిగి వచ్చేసరికి మళ్ళీ నిద్రలోనే ఉంటారు. అడిగితే, “ఇదంతా వాళ్ళ కోసమే కదా!” అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని అది ఎంతవరకు నిజమో ధర్మం వెలుగులో పరిశీలించుకోవాలి.

సంపాదన కూడా ఆరాధనే

ఇస్లాం వ్యాపారాన్ని చిన్నచూపు చూడదు. దైవప్రవక్త (స) స్వయంగా వర్తకం చేశారు. హజ్రత్ ఖదీజా (రజి) మక్కాలో పేరుపొందిన వర్తకురాలు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మదీనాకు వలస వచ్చినప్పుడు ఆయన అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన సోదరుణ్ణి దీవించి, బజారుకు దారి చూపమన్నారు. ఆలుబిడ్డల కోసం ధర్మసమ్మతంగా సంపాదించేవాడు పుణ్యకార్యంలోనే ఉన్నాడు. కనుక దుకాణంలో కూర్చోవడం తప్పు కాదు. దుకాణం ఇతరుల హక్కులను మింగివేయడమే తప్పు.

ఎవరి హక్కు వారికి

హజ్రత్ సల్మాన్ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల మధ్య దైవప్రవక్త (స) సోదర బంధం ఏర్పరిచారు. ఒకసారి సల్మాన్ (రజి) ఆ ఇంటికి వెళ్ళి, ఇల్లాలు మాసిన బట్టల్లో ఉండటం చూసి కారణం అడిగారు. తన భర్తకు ప్రాపంచిక విషయాల పట్ల ధ్యాసే లేదని ఆమె చెప్పారు. అబూ దర్దా (రజి) పగలు ఉపవాసంతో, రాత్రి నమాజుతో గడుపుతున్నారు. సల్మాన్ (రజి) ఆయనచేత అన్నం తినిపించారు, రాత్రి పడుకోబెట్టారు, చివరి జామున లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకూ, దేహానికీ, ఇంటివారికీ హక్కులున్నాయనీ, ఎవరి హక్కు వారికి చెల్లించాలనీ బోధించారు. విషయం విన్న దైవప్రవక్త (స) సల్మాన్ చెప్పింది నిజమేనన్నారు. ఇమామ్ బుఖారీ దీనిని నమోదు చేశారు.

ఇక్కడ ఆలోచించండి! ఆరాధన పేరుతోనే ఇంటివారి హక్కు కాజేయడానికి వీల్లేనప్పుడు, గల్లాపెట్టె పేరుతో ఎలా వీలవుతుంది?

మనమేం చేయాలి?

1. షట్టర్ దించే వేళ నిర్ణయించుకోవాలి. నిద్రను విశ్రాంతిగా, రాత్రిని ఆచ్ఛాదనగా, పగటిని జీవనోపాధికి చేశామని ‘నబా’ సూరా తెలుపుతోంది. ఇషా తర్వాత కబుర్లతో కాలక్షేపం చేయడం దైవప్రవక్త (స)కు నచ్చేది కాదు. తొమ్మిదిన్నర తర్వాత నిజంగా ఎంత అమ్మకం జరుగుతోందో ఒక నెలపాటు విడిగా రాసి చూడండి. బేరం కన్నా కబుర్లే ఎక్కువని చాలామందికి తెలిసిపోతుంది. అప్పులు, అద్దె బరువు ఉన్నవారు వారానికి రెండు రాత్రులతోనైనా మొదలుపెట్టవచ్చు.

2. వంతులు వేసుకోవాలి. హజ్రత్ ఉమర్ (రజి), ఆయన పొరుగున ఉన్న ఒక అన్సారీ వంతులవారీగా దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళేవారు. ఒకరు వెళ్ళిన రోజున రెండోవారు తమ పనులు చూసుకునేవారు, తర్వాత విన్న విషయాలు చెప్పుకునేవారు. అన్నదమ్ములకు, భాగస్వాములకు ఇది చక్కని పద్ధతి.

3. ఇంటికి వచ్చాక ఇంట్లోనే ఉండాలి. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో తోడ్పడేవారనీ, నమాజు వేళ కాగానే వెళ్ళేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. మనం మాత్రం అన్నం ముందు కూర్చుని కూడా వాట్సాప్‌లో ఆర్డర్లు చూసుకుంటున్నాం. ఇంట్లో మిషను కుట్టే సోదరీమణులకూ ఇదే వర్తిస్తుంది. ఆ ఇంటి మగవారు వంటపనిలో చేయి వేయడం సున్నతే.

4. పనివాణ్ణి మరచిపోరాదు. అతనికీ ఇల్లుంది, ఎదురుచూసే తల్లి ఉంది. చేతికింది వారిపై శక్తికి మించిన భారం వేయవద్దని హదీసు హెచ్చరిస్తోంది.

అసలు పరీక్ష

ఒక శుక్రవారం మదీనాకు వర్తక బిడారు వచ్చింది. జనం అటు పరుగెత్తారు. దైవప్రవక్త (స) వద్ద పన్నెండు మందే మిగిలారు. అప్పుడే ‘జుముఆ’ సూరా చివరి ఆయత్ అవతరించింది. ఆ సూరాయే అజాన్ వినగానే వ్యాపారం ఆపమంది, నమాజు ముగిశాక ఉపాధి వెతుక్కోమంది. ఎంత సమతూకమో చూడండి!

మనకు అలాంటి బిడారు ఏటా రమజాన్ చివరి పది రాత్రుల్లో వస్తుంది. పండుగ బేరాలు ముమ్మరంగా సాగే రాత్రులవే, లైలతుల్ ఖద్ర్‌ను అన్వేషించవలసిన రాత్రులూ అవే. దైవప్రవక్త (స) ఆ రాత్రులు తాము మేల్కొని ఇంటివారిని కూడా లేపేవారు. పదింటిలో కొన్ని రాత్రులైనా వంతులు వేసుకుని కుటుంబంతో ఆరాధనలో గడుపుదాం.

పక్క దుకాణం తెరిచి ఉందన్న భయం సహజమే. కాని ఉపాధిప్రదాత అల్లాహ్‌యే. పోయిన బేరం రేపు తిరిగి రావచ్చు, పిల్లల బాల్యం తిరిగి రాదు. మన అధీనంలోని వారి గురించి ప్రళయదినాన మనం జవాబు చెప్పుకోవాలి.

అల్లాహ్ మన సంపాదనలోనూ, సమయంలోనూ బరకత్ ప్రసాదించుగాక! ఆమీన్.