కంది వేరు చిత్రాల మధ్యరేఖా విశ్లేషణ: కొలతల్లో పాటించవలసిన జాగ్రత్తలు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల మెట్ట భూముల్లో కంది ప్రధానంగా వర్షాధారపు పంట. వానలు ముఖం చాటేసినప్పుడు లోపలి పొరల తేమను అందుకోగల వేరు వ్యవస్థే పైరును నిలబెడుతుంది. కనుక రకాల ఎంపికలో వేళ్ల పొడవు, పార్శ్వ వేళ్ల సంఖ్య పరిశీలించదగిన లక్షణాలు. కడిగిన వేళ్లను స్కాన్ చేసి కంప్యూటర్‌తో కొలవడం నేడు సులభమే. కానీ ఆ కొలతలో దొర్లే దోషం రకాల వరుసనే తారుమారు చేయగలదు.

చిత్రంలో వేరును వెనుకతలం నుండి వేరుచేసి, దాని అంచు పిక్సెళ్లను అతుకు తెగకుండా పొరలు పొరలుగా తొలగిస్తే, చివరకు ఒక పిక్సెల్ వెడల్పు గల మధ్యరేఖ మిగులుతుంది. దీనినే స్కెలిటన్ అంటారు. మార్కాపురం పలకపై గీసిన లావు గీతను ఇరువైపులా చెరిపి, నడుమ సన్నని గీతను మాత్రమే మిగిల్చినట్లు ఊహించవచ్చు. ఇందుకు జాంగ్, సుయెన్ 1984లో ప్రచురించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. మధ్యరేఖ ముగిసే చోటు వేరు కొన. మూడు రేఖలు కలిసే చోటు శాఖాస్థానం.

మొదటి జాగ్రత్త పొడవుకు సంబంధించినది. పిక్సెళ్లను లెక్కిస్తే చాలదు. ఏటవాలు అడుగును 1.414గా తీసుకోవాలి. అంగుళానికి 300 చుక్కల స్కానింగులో ఒక పిక్సెల్ సుమారు 0.085 మి.మీ. ఒక రేఖలో 60 నేరు, 40 ఏటవాలు అడుగులుంటే పొడవు సుమారు 9.9 మి.మీ.; అన్నిటినీ సమానంగా లెక్కిస్తే 8.5 మి.మీ. మాత్రమే వస్తుంది.

రెండవది బూటకపు శాఖలు. అంటుకున్న మట్టి రేణువు కూడా మధ్యరేఖపై శాఖగా కనిపిస్తుంది. శాఖ పొడవు నుండి ఆ చోట తల్లివేరు వ్యాసార్ధాన్ని తీసివేయాలి. వ్యాసార్ధం 10 పిక్సెళ్లైతే, 12 పిక్సెళ్ల శాఖ వెలుపలికి పొడుచుకువచ్చేది 2 పిక్సెళ్లే, అది అనుమానాస్పదం. 40 పిక్సెళ్ల శాఖ నిజమైన పార్శ్వ వేరు కావచ్చు. తొలగింపు హద్దు మరీ పెంచితే నీటిని పీల్చే సన్నని వేళ్లే లెక్క నుండి జారిపోతాయి.

మూడవది, ఒకదానిపై ఒకటి పడిన వేళ్లు శాఖలుగా నమోదవుతాయి. స్కానింగుకు ముందే నీటి పళ్లెంలో వాటిని విడదీయాలి.

అన్ని రకాలకూ ఒకే హద్దు పాటించి, దానిని ఫలితాలతో పాటు పేర్కొనాలి. కొన్ని నమూనాలను చేతితో కొలిచి సరిచూడాలి. మన పట్టికలోని అంకెను నమ్మి విత్తనం వేసే రైతుకు మరో తడి ఇచ్చే వీలుండదు.