జూలై 14: ఫ్రెంచి జాతీయ పర్వదినము - దాని చారిత్రక సందేశము

ఫ్రాన్సు ప్రజలు ఏటేట జూలై 14వ తేదీని జాతీయ పర్వదినముగా జరుపుకొందురు. పారిస్ నగరమున సైనికుల కవాతు, రాత్రివేళ బాణసంచా ఆనాటి వేడుకలు. వేడుక వెనుకనున్న చరిత్ర విద్యార్థులకు అవశ్య పఠనీయము.

1789 జూలై 14న పారిస్ పౌరులు బాస్టిల్ కోటను ముట్టడించిరి. విచారణ లేకయే, రాజముద్ర గల ఉత్తరువుతో మనుష్యులను బంధించిన కారాగార మది. ఆనాడందున్న ఖైదీలు ఏడుగురే. ప్రజలు కోరి వెళ్లినది తుపాకిమందు కొరకు. అయినను ఆ కోట పతనము నిరంకుశత్వ పతనమునకు చిహ్నమయ్యెను. ఆగస్టు 26న 17 అధికరణములతో మానవ హక్కుల ప్రకటన ఆమోదింపబడెను. మరుసటి యేడు అదే తేదీన రాజు, ప్రజాప్రతినిధులు, సైనికులు ఒకచోట కూడి ఐక్యతాప్రమాణము చేసిరి. 1880లో ఈ దినమును జాతీయ పర్వముగా నిర్ణయించిన చట్టము ఏ సంవత్సరపు జూలై 14 అనునది పేర్కొనలేదు. కనుక తిరుగుబాటు, ఐక్యత రెండును అందు ఇమిడియున్నవి.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. కొత్తూరు నుండి నగరమునకు పోవు విద్యార్థి సరూర్‌నగర్ సమీపమున నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధిని చూడవచ్చును. ఆయన 1798లో మరణించెను. ఆ సంవత్సరమే ఆంగ్లేయులు నిజాముతో సంధి చేసికొని ఫ్రెంచి దళమును రద్దు చేయించిరి.

స్వేచ్ఛను చాటిన ఫ్రాన్సే గోదావరీతీరమున తెలుగువారి యానామును పాలించెను. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున యానాము విముక్తమయ్యెను. 1962 ఆగస్టు 16న న్యాయతః భారతదేశమున చేరెను. తనకు కోరిన స్వేచ్ఛను పరులకీయని జాతి తన పండుగకే లోటు తెచ్చుకొనును.

స్వేచ్ఛ, సమానత్వము, సౌభ్రాతృత్వము మన రాజ్యాంగ పీఠికయందును కలవు. ఉర్దూలో అవే ఆజాదీ, మసావాత్, ఉఖువ్వత్. వీనిని తాను ఫ్రెంచి విప్లవము నుండి గాక బుద్ధుని బోధ నుండి గ్రహించితినని డాక్టర్ అంబేద్కర్ 1954లో తెలిపిరి. మొదటి రెంటిని చట్టము కాపాడగలదు. మూడవది మాత్రము ఒకే బల్లపై కూర్చుండి, ఒకరి భాషను మరొకరు గౌరవించు విద్యార్థుల హృదయములలోనే పుట్టవలెను. రెండు భాషల ఈ కళాశాలలో ఆ బాధ్యత మనదే.