దసరా సెలవుల్లో ఊరి చుట్టూ పది ఫొటోలు



ఋతువుల పాఠంలో శరత్కాలం బొమ్మ వేయమంటే మన పిల్లల్లో చాలామంది ఎర్రటి ఆకులు రాలుతున్న చెట్టు వేస్తారు. ఇంగ్లిష్ కథల పుస్తకాల్లో, కార్టూన్లలో వాళ్లు చూసిన ‘ఆటమ్’ అదే. కానీ సిద్దిపేట చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా అక్టోబరులో అలాంటి చెట్టు కనిపించదు. చలి దేశాల్లో పగటి పొద్దు తగ్గి చలి మొదలయ్యేసరికి చెట్లు ఆకులు రాలుస్తాయి. మన దగ్గర ఆకులు ఎక్కువగా రాలేది నేలలో తడి తగ్గే ఫిబ్రవరి, మార్చి నెలల్లో. టేకు, మోదుగ చెట్లు అప్పుడు మోడువారి కనిపిస్తాయి. దాన్ని మన పెద్దలు శిశిరం అన్నారు. ఆశ్వయుజ, కార్తీక మాసాల శరదృతువు అందుకు పూర్తిగా వేరు. వానలు వెనక్కి తగ్గుతాయి, చెరువుల్లో నీళ్లుంటాయి, గట్ల మీద పూలు పూస్తాయి, ఒక చేను కోతకు వస్తే పక్క చేను పూతకు వస్తుంది.

పిల్లలకు ఇది తెలియకపోతే పరీక్షలో ఒక మార్కు కూడా పోదు. పోయేది వేరే ఉంది. పుస్తకంలో ఉన్నదే నిజం, మా ఊళ్లో ఉన్నది పాఠం కాదు అనే అభిప్రాయం వాళ్ల మనసులో నిలిచిపోతుంది. అందుకే ఈసారి దసరా సెలవులకు మీరు ఊరికి వెళ్లినప్పుడు మీ అబ్బాయితోనో అమ్మాయితోనో చేయించాల్సిన పని ఒకటి చెబుతున్నాను. మీ ఫోన్ ఒక్క గంట వాళ్ల చేతికిచ్చి, వాళ్లతో ఊరి చుట్టూ నడవండి. పది ఫొటోలు తీయనివ్వండి. నాలుగో తరగతి నుంచి ఎనిమిదో తరగతి పిల్లల వరకు అందరూ చేయగలరు.

పదే ఎందుకు?

ఫోన్‌లో వంద ఫొటోలు తీయడం తేలిక. వంద తీసిన పిల్లవాడు ఒక్కదాన్నీ మళ్లీ చూడడు. పదే తీయాలంటే నిలబడాలి, చూడాలి, ఇది కావాలా అది కావాలా అని తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడమే ఈ పాఠం. నచ్చని ఫొటో తీసేసి మళ్లీ తీయవచ్చు, కానీ చివరికి మిగలాల్సినవి పదే.

ఏమేం తీయాలి?

1. పొద్దున సాన్పి చల్లిన వాకిలి, దాని మీది ముగ్గు.

2. గట్టు మీది తంగేడు, చేనులోని గునుగు. బతుకమ్మకు మొదట కావలసిన పూలు ఇవే. పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు వీటికోసం ఊరంతా తిరుగుతారు. చేన్లలో గడ్డి మందు కొట్టడం ఎక్కువయ్యాక గునుగు తగ్గిందని పెద్దవాళ్లు అంటుంటారు. మీ ఊళ్లో ఎలా ఉందో పిల్లలతో అడిగించండి.

3. ఎండబోసిన మక్కలు. కుప్పను కాదు, వాటిని తిరగదోస్తున్న చేతినో కాలినో తీయమనండి.

4. పత్తి చేను. ఒకే చెట్టుకు పువ్వు, కాయ, పగిలిన పత్తి మూడూ కనిపించే కాలం ఇది. ఆ మూడూ ఒక్క ఫొటోలో రావాలి.

5. వరి పొలం. పొద్దున్నే వెళ్తే ఆకుల కొనల మీద మంచు చుక్కలు ఉంటాయి.

6. ఊరి చెరువు. మత్తడి దుంకుతుంటే ఇంకా మంచిది. ఈ ఒక్క ఫొటో మాత్రం కట్ట మీద నిలబడే తీయాలి, పెద్దవాళ్లు చేయి పట్టుకుని ఉండాలి.

7. కరెంటు తీగ మీది పాలపిట్ట. కూర్చున్నప్పుడు అంతగా కంటికి ఆనదు. ఎగిరినప్పుడే రెక్కల్లోని నీలం తెలుస్తుంది. దసరా రోజున పంజరంలో పెట్టి డబ్బులకు చూపించే పాలపిట్టను తీయవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దాన్ని పట్టి బంధించడం నేరం.

8. జమ్మి చెట్టు. పండుగ రోజు కొమ్మలు విరవకముందే ఒకసారి తీయండి.

9. బతుకమ్మను పేర్చే చేతులు. ముఖాలు అక్కర్లేదు.

10. పదోది పిల్లల ఇష్టం. కానీ ఒక షరతు. తాతకో నాయనమ్మకో చిన్నప్పటి నుంచి తెలిసినదై ఉండాలి. పాత దర్వాజ, గూన పెంకుల కప్పు, మోటబావి, గిరక, ఊరి నడుమ వేపచెట్టు, ఏదైనా సరే.

తంగేడు మన రాష్ట్ర పుష్పం, పాలపిట్ట రాష్ట్ర పక్షి, జమ్మి రాష్ట్ర వృక్షం. జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో మన పిల్లలు వీటిని బట్టీ పట్టే ఉంటారు. మూడూ ఒకే నడకలో కంటికి కనిపించే కాలం ఇదే.

ఎలా తీయాలి?

ముందుగా ఫోన్ కెమెరా అద్దాన్ని మెత్తని నూలు బట్టతో తుడవండి. మసకగా వచ్చే ఫొటోల్లో చాలావాటికి కారణం వేలిముద్రలే.

వెలుగు బాగుండేది పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది వరకు, సాయంత్రం నాలుగున్నర నుంచి పొద్దు గూకే వరకు. ఆ వేళల్లో ఎండ ఏటవాలుగా పడి ప్రతి వస్తువుకూ పొడవైన నీడ ఇస్తుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే ముగ్గు తెల్లగా వెలిసిపోతుంది, ముఖాల మీద కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి.

జూమ్ వాడొద్దు, దగ్గరికి నడవాలి. నడిచి వెళ్లలేనిది పాలపిట్ట ఒక్కటే. దాన్ని చిన్నగానే, తీగతో, ఆకాశంతో కలిపి తీయమనండి. గునుగు పువ్వును పైనుంచి తీస్తే గడ్డిలో కలిసిపోతుంది. మోకాళ్ల మీద కూర్చుని కింది నుంచి తీస్తే వెనక ఆకాశం వచ్చి పువ్వు స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంకొక్క నియమం అన్నిటికంటే ముఖ్యం. మనిషిని తీసే ముందు అడగాలి. పత్తి ఏరుతున్న అమ్మను ‘పెద్దమ్మా, ఒక ఫొటో తీసుకోనా?’ అని అడగడం, వద్దంటే ఫోన్ దించడం, తీశాక ఆమెకు చూపించడం. ఆమె అనుమతి లేకుండా ఆ ఫొటోను స్టేటస్‌లో పెట్టకూడదు. ఇది మాత్రం మీరు దగ్గరుండి నేర్పించాలి.

ఫొటో కింద ఏం రాయాలి?

నడక అయ్యాక పదీ ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి ఒక్కొక్కదాని గురించి అడగాలి. దీని పేరేంది? ఎందుకు పనికొస్తది? నీ చిన్నప్పుడు ఇట్లనే ఉండెనా? చెప్పిన మాట చెప్పినట్టే రాసుకోవాలి. ఆ తర్వాత ప్రతి ఫొటో కింద ఒక తెలుగు వాక్యం, ఒక ఇంగ్లిష్ వాక్యం.

ఇంగ్లిష్ టీచరుగా చెబుతున్నాను, ‘దిస్ ఈజ్ ఎ వైట్ ఫ్లవర్’ అని రాస్తే ఆ వాక్యంలో తప్పు లేదు, విషయమూ లేదు. ‘గునుగు గ్రోస్ ఇన్ అవర్ మెయిజ్ ఫీల్డ్. నోబడీ ప్లాంటెడ్ ఇట్’ అని రాసిన పిల్లవాడు చూశాడు, అడిగాడు, ఆలోచించాడు. గునుగుకు ఇంగ్లిష్‌లో సిల్వర్ కాక్స్‌కూంబ్ అనే పేరుంది. పాలపిట్ట ఇండియన్ రోలర్. ఆ పేర్లు మేం క్లాసులో చెబుతాం. గునుగు అనే పేరు మాత్రం ఇంట్లోనే రావాలి. చెప్పడానికి విషయం ఉన్న పిల్లలు ఇంగ్లిష్‌లోనూ తొందరగా మాట్లాడతారు.

మామూలు వాటిని తీయడం దేనికి?

కొందరు తల్లిదండ్రులు ఈ మాట అడుగుతారు. వాకిలిలో ముగ్గు, రోడ్డు మీద మక్కలు రోజూ ఉండేవే కదా అని. మన సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) బతుకమ్మను, బోనాలను, పల్లె మనుషుల రోజువారీ పనులను బొమ్మలుగా వేశారు. ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ బతుకమ్మను, తెలంగాణ పల్లె బతుకును ఏళ్ల తరబడి కెమెరాతో తీశారు. వాళ్లు ఎంచుకున్నవి కూడా రోజూ ఉండేవే.

రోజూ ఉండేవి ఎప్పటికీ ఉండవని మన జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 50 టీఎంసీల మల్లన్నసాగర్ 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఆ నీళ్లు ఎన్నో పొలాలకు కావాలి. ఆ నీళ్ల కింద తొగుట మండలంలోని వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లున్నాయి. అక్కడి వాళ్లు గజ్వేల్ దగ్గరి కాలనీలకు వచ్చారు. అక్కడ పుట్టిన పిల్లలు తమ ఇంటి వాకిలి ఎట్లుండేదో చూడాలంటే ఇప్పుడు ఫొటో ఒక్కటే దారి. మీ ఊరికి అలా జరగకపోవచ్చు. అయినా పెంకుటిల్లు పోయి స్లాబు ఇల్లు వస్తుంది, చెరువు పక్కన వెంచర్ వస్తుంది, చేను ఇంకొకరిదవుతుంది. మామూలు రోజున తీసిన ఫొటోకు విలువ అప్పుడు తెలుస్తుంది.

స్కూలు తెరిచాక

పది ఫొటోలను చిన్న సైజులో ప్రింట్ తీయించి ఒక పొడవైన చార్టు మీద పైనుంచి కిందికి వరుసగా అతికించండి. మన జిల్లాలోని చేర్యాల నకాషీ పటాలు ఇలాగే ఉంటాయి. పొడవాటి బట్ట మీద కథను గడులు గడులుగా వేస్తారు. కథ చెప్పేవాళ్లు పటాన్ని విప్పుతూ ఒక్కో గడి చూపించి చెబుతారు. మన పిల్లలు కూడా పొద్దున వాకిలితో మొదలుపెట్టి సాయంత్రం బతుకమ్మ దాకా వరుస కట్టి, క్లాసులో నిలబడి మూడు నిమిషాలు చెప్పాలి. సగం తెలుగులో, సగం ఇంగ్లిష్‌లో. మార్కులు ఫొటో అందానికి కాదు, దాని గురించి చెప్పగలిగిన దానికి.

ఊరికి వెళ్లలేని వాళ్లు సిద్దిపేటలోనే కోమటి చెరువు కట్ట మీద, దసరా ముందు పూల అంగళ్ల దగ్గర ఈ నడక చేయవచ్చు. అక్కడ గునుగు అమ్మే అమ్మను ఏ ఊరి నుంచి తెచ్చావని అడిగితే చాలు, మొదటి వాక్యం దొరుకుతుంది.

అందరికీ బతుకమ్మ, దసరా శుభాకాంక్షలు.

మీ ఇంగ్లిష్ టీచర్,
సిద్దిపేట బ్రాంచి