క్యాంపర్ వ్యానుకు పెద్ద టైర్లు

ప్రశ్న: డెన్వర్‌లో ఉంటున్నాను. మా ఫోర్‌వీల్ డ్రైవ్ స్ప్రింటర్ క్యాంపర్ వ్యానుకు 245/75 ఆర్ 16 టైర్లకు బదులు 265/75 ఆర్ 16 వేయవచ్చునా?

జవాబు: వేయవచ్చును, కాని టైరు వ్యాసము సుమారు 30 మిల్లీమీటర్లు పెరుగుటచే, స్పీడోమీటరు 60 మైళ్లు చూపునపుడు మీరు నిజముగా 62 మైళ్లకు మించి పోవుచుందురనియు, ఇంజను లాగుడు కొంత సన్నగిల్లుననియు ముందుగా గ్రహింపుడు. పరుపులు, వంటసామగ్రి, నీటితొట్టి మున్నగు ప్రయాణభారమంతయు నింపిన పిదప, స్టీరింగును రెండువైపులకును కడవఱకు త్రిప్పి, టైరు మడ్‌గార్డును రాచునేమో పరీక్షింపుడు. ఖాళీబండిని చూచి తృప్తిపడుట వ్యర్థము. నాలుగు చక్రములును ఒకే కొలతవి కానిచో వాని భ్రమణభేదము డ్రైవ్ భాగములను పీడించును, కనుక స్టెప్నీయు అదే కొలతది కావలెను. క్రొత్త టైర్ల భారసామర్థ్యము పాతవానికంటె తగ్గరాదు. రాపిడి వినవచ్చినను, స్టీరింగు వణకినను, హెచ్చరిక దీపము వెలిగినను, బండిని దూరప్రయాణమునకు తీయక అనుభవజ్ఞుడైన మెకానిక్కునకు చూపుడు.